బియ్యం నిండుకున్న ఆదివారం

పోయిన వారం సూపర్‌మార్కెట్లో, మన బిల్లు మనమే కొట్టుకునే మెషీన్ ముందు నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. సంచిలో ఉన్నవి బీరకాయలు. వాటి మీద స్టిక్కర్ లేదు. పేరు టైప్ చెయ్యమని స్క్రీన్ అడుగుతోంది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉన్నదాన్ని, ఇన్సూరెన్సు వాళ్ళతో ఇంగ్లీషులో గంటసేపు పోట్లాడగలిగినదాన్ని, బీరకాయని ఇంగ్లీషులో ఏమంటారో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. నోటికి వచ్చినవి రెండే పేర్లు. ఒకటి బీరకాయ, రెండోది సింగ్ గ్వా. ఆ రెండోది పైకే అనేసినట్టున్నాను. వెనక క్యూలో ఉన్న చైనా ఆవిడ తలెత్తి నా బొట్టు వైపూ బీరకాయల వైపూ మార్చి మార్చి చూసి నవ్వింది. చివరికి షాపు అమ్మాయి వచ్చి ఏదో నొక్కితే స్క్రీన్ మీద ‘చైనీస్ ఓక్రా’ అని పడింది. చైనా బెండకాయట! బీరకాయకీ బెండకాయకీ ఏం చుట్టరికమో ఆ మెషీన్‌కే తెలియాలి. కారులో కూచున్నాక నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆ రోజుల్లోకి వెళ్ళిపోయాను.

రెండు వేల ఆరో, ఏడో. మేం శాన్ రామన్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్నాం. మా ఆయన తమ్ముడు, అంటే మా మరిది, ఓక్లాండ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే చిన్న అపార్ట్‌మెంట్లో ఉండేవాడు. వారమంతా బ్రెడ్డూ సీరియల్‌తో నెట్టుకొచ్చి, శనివారం మా ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా "వదినా, పప్పేమైనా ఉందా?" అంటూ నేరుగా స్టవ్ దగ్గరికి వచ్చేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ బూట్ల అలవాటు పోలేదు. అలాంటిది ఒక శనివారం గుమ్మంలోనే ఆగి, వంగి, బుద్ధిగా బూట్లు విప్పుతున్నాడు. ఇదేమి వింతరా అని చూస్తే, వెనకాల ఒక అమ్మాయి తన బూట్లు విప్పి గోడవారగా జతగా సర్దుతోంది. "ఫ్రెండ్" అన్నాడు మా మరిది, గోడకేసి చూస్తూ. ఆ ఒక్క మాటకి అతని చెవులు ఎర్రబడ్డ తీరు చూసి మా ఆయన పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి ఓక్లాండ్‌లోనే పుట్టి పెరిగింది. సివిల్ ఇంజనీరు. అమ్మానాన్నలు హాంకాంగ్ నుంచి వచ్చి రెస్టారెంట్ పెట్టుకుని, పొద్దస్తమానం అందులోనే ఉండేవాళ్ళు కాబట్టి పిల్లని పెంచింది అమ్మమ్మ. అమ్మమ్మని వాళ్ళ కాంటనీస్ భాషలో పోపో అంటారు. నాయనమ్మకి వేరే మాట ఉందట. ఇంగ్లీషు వాళ్ళలా ఇద్దరినీ ఒకే గాటన కట్టకుండా వేరు వేరు పేర్లున్నాయని వినగానే నాకు ఆ భాష మీద సదభిప్రాయం కలిగింది. ఆ పిల్ల తిన్నగా వంటింట్లోకి వచ్చి, నేను దంచుతున్న అల్లం వాసన చూసి "గ్యోంగ్" అంది. "అల్లం" అన్నాను నేను. "అలం" అంది. "ఇంకో ల పెట్టు" అన్నాను. మా పరిచయం అలా అల్లంతో మొదలైంది. మా మరిది నన్ను వదినా అని పిలవడం విని, అదే నా పేరనుకుందో ఏమో, తనూ వదినా అనడం మొదలుపెట్టింది. మాట్లాడేదంతా ఇంగ్లీషే. చివర ఆ వదినా మాత్రం తెలుగు.

తర్వాత నన్ను ఓక్లాండ్ చైనాటౌన్‌కి తీసుకెళ్ళింది. అప్పటిదాకా నేను ఇండియన్ స్టోర్‌లో వడిలిపోయిన తోటకూరకే మహాభాగ్యం అనుకునేదాన్ని. అక్కడ పేవ్‌మెంట్ మీద పెట్టెల్లో ఎర్ర తోటకూర నీళ్ళోడుతూ, చేమదుంపలు మట్టితోనే, కాకరకాయలు, బూడిద గుమ్మడికాయలు, మూర పొడుగు బొబ్బర్లకాయలు! పుట్టింటి వాళ్ళందరూ ఒక్కసారి ఎదురొచ్చినట్టయింది నాకు. ఒక్కొక్కదాన్నీ చేత్తో తడుముతూ "ఇదేంటి, ఇదేంటి" అని అడిగాను. తోటకూర యిన్ చోయ్. చేమదుంప వూ తౌ. వంకాయ అయ్ గ్వా, అంటే పొట్టి కాయ అని అర్థమట. మనం కాయ అన్నచోటల్లా వాళ్ళు గ్వా అంటారని నాకు కాసేపటికే తెలిసిపోయింది. బీర-కాయ, సింగ్-గ్వా. ఇంకేముంది, సగం భాష వచ్చేసినట్టే అనిపించింది. ఆ ధైర్యంతో ఒకసారి ఒంటరిగా వెళ్ళి చక్కెర కోసం "తోంగ్" అని అడిగాను. షాపాయన ఎంతో మర్యాదగా నన్ను బయటికి తీసుకొచ్చి పక్కనున్న హోటల్ చూపించాడు. గొంతు కిందికి దించితే తోంగ్ అంటే చక్కెర, పైన నిలబెడితే సూప్ అట. ఉప్పుని యిమ్ అంటారు, దాంతో ఇలాంటి పేచీ లేదు కాబట్టి కొన్నాళ్ళు ఉప్పు మాత్రమే కొన్నాను.

అన్నింటికంటే నాకు నచ్చింది బియ్యం సంగతి. ఇంగ్లీషులో వండకముందూ రైసే, వండాకా రైసే. ఇదేం దరిద్రమో నాకు మొదటినుంచీ అర్థం కాలేదు. వాళ్ళకి మాత్రం బియ్యం మాయ్, అన్నం ఫాన్. ఈ మాట మా ఆయనకి చెబితే, "తిండి విలువ తెలిసినవాళ్ళు" అని తేల్చేశారు.

ఒక శనివారం ఆ అమ్మాయి ఆకుకూర కట్టలు కారులో పెడుతూ పెడుతూ ఆగిపోయింది. పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని చెప్పింది. అమ్మానాన్నలు సరే అన్నారట. పోపో మాత్రం సరే అనలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "అతను ఏం తింటాడు?" చేపలు తినడనీ, కోడి తినడనీ తెలిశాక ఇక నోరు విప్పలేదు. పోపో కూడా నెలలో రెండు రోజులు, ఒకటో తిథినీ పున్నమినీ నీచు ముట్టదు. కానీ ఆవిడ ఎరుకలో జన్మంతా ముట్టనివాళ్ళు సన్యాసులొక్కరే. ఇవాళ కాకపోతే రేపు గుండు చేయించుకుని మఠానికి పోతాడు, నా మనవరాలి గతేమిటి అని ఆవిడ బెంగ. మా మరిది జుట్టు మీద పెట్టే ఖర్చు తెలిసినదాన్ని కాబట్టి నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"మీ అమ్మ చేత చెప్పించొచ్చు కదా?" అన్నాను.

"అమ్మ చెబితే అది అమ్మ మాటవుతుంది వదినా. నన్ను పెంచింది పోపో. నేనే చెప్పాలి. కానీ నా కాంటనీస్ ఐదేళ్ళ పిల్ల కాంటనీస్. అల్లం, వెల్లుల్లి, చేతులు కడుక్కో, తిన్నావా. అంతే. స్కూల్‌కి వెళ్ళాక ఇంగ్లీష్ వచ్చేసింది, అది అక్కడే ఆగిపోయింది. ఇతను నాకు ఎందుకు కావాలో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు" అంది. కొత్తిమీర కట్ట తన చేతిలోనే ఉంది. దాన్ని యూన్ సాయ్ అంటారని నాకు నేర్పింది తనే. వంటింట్లో ఉన్న ప్రతిదాని పేరూ తెలిసిన పిల్లకి, చెప్పాల్సిన ఒక్క మాట తెలియదు. దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేసి నిమిరాను.

ఇటు మా వైపు కథ ఇంతకంటే ముందుకేమీ పోలేదు. మా అత్తగారు అప్పుడే తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. అమ్మాయిని చూశారు. "మంచి పిల్లే" అన్నారు. ఆ ‘లే’ దగ్గర ఆవిడ గొంతు కొంచెం సాగింది. మర్నాడు నేను చపాతీ పిండి కలుపుతుంటే పక్కన నిలబడి, తనలో తను అనుకుంటున్నట్టు, "మనింట్లో ఆ పిల్ల ఏం తింటుందే?" అన్నారు. నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. అక్కడ ఓక్లాండ్‌లో ఒకావిడా ఇక్కడ ఈవిడా, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఒకే ప్రశ్న దగ్గర కూచున్నారు. అయితే ఇద్దరినీ ఒకచోట కూచోబెట్టి భోజనం పెట్టడమే మంచిదనిపించింది. మా ఆయన వద్దన్నారు. "ఇద్దరికీ ఒక్క మాట కలవదు, నువ్వు మధ్యలో నలిగిపోతావు" అన్నారు. నేను వినలేదు. "ఆదివారం పోపో వస్తున్నారండీ" అని అత్తగారితో చెబితే, ఆవిడ ఏదో కూరకి పోపు పెట్టమంటున్నాననుకుని ఆవాల డబ్బా తీశారు.

ఆదివారం వచ్చింది. అమ్మానాన్నలకి రెస్టారెంట్ వదలడం కుదరక, మనవరాలితో పోపో ఒక్కరే వచ్చారు. సన్నగా, పొట్టిగా, పూల చొక్కా మీద దూది కుట్టిన చేతుల్లేని కోటు, చేతిలో గులాబీ రంగు ప్లాస్టిక్ సంచి. సంచి ఇవ్వమని చెయ్యి చాపితే ఇవ్వలేదు. మా అత్తగారు ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర కట్టుకుని సోఫా మీద నిటారుగా కూచున్నారు. పోపో ఎదురు సోఫాలో అంతకంటే నిటారుగా. ఇద్దరూ పళ్ళతో మాత్రమే నవ్వుకుంటున్నారు. జ్యూస్ ఇస్తే పోపో చల్లవి తాగరట. వేడినీళ్ళు అడిగారు. మా అత్తగారు ఆ మాట విని నా వైపు ఒక చూపు చూశారు. ఆవిడ వేడినీళ్ళే తాగుతారు, నేనే రోజూ ఆవిడతో ఈ విషయంలో గొడవపడేదాన్ని. ఇంకో పావుగంట గడిచింది. మా మరిది టీవీ పెట్టబోతే నేను కళ్ళెర్రజేశాను. ఆ అమ్మాయి రెండు సోఫాల మధ్య కార్పెట్ మీద కూచుని, ఎటు తిరగాలో తెలియక తన గోళ్ళు చూసుకుంటోంది. నేను తలపెట్టింది ఎంత తెలివితక్కువ పనో నాకు తెలిసొస్తోంది.

నేను వంటింట్లోకి లేచాను. వెనకే పోపో లేచారు. సంచి ఎందుకివ్వలేదో అప్పుడు అర్థమైంది. ఆవిడ స్వయంగా నా గట్టు మీద దాన్ని బోర్లించారు. తన పెరట్లో కాసినవట. ఒక తోటకూర కట్ట, నున్నటి కాకరకాయలు, బీరకాయలు. చప్పుడుకి మా అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. కూరగాయ కనిపిస్తే ఆవిడ ఊరుకోలేరు. దగ్గరికి వచ్చి బీరకాయ ఒకటి తీసి, గోటితో గిచ్చి, "అబ్బ, ఎంత లేతగా ఉన్నాయే!" అన్నారు. చాకుతో మొన కోసి, చేదేమోనని చివర కొంచెం కొరికి చూశారు. అది చూసి పోపో ఇంకో కాయ అందుకుని, మొన కోసి, తనూ కొరికి, తల అడ్డంగా ఊపారు. చేదు లేదని. ఇద్దరూ బీరకాయ ముక్క నములుతూ ఒకరినొకరు మొదటిసారి సరిగ్గా చూసుకున్నారు.

అత్తగారు చెక్కు తీయడం మొదలుపెట్టారు. తీసిన తొక్క పారెయ్యకుండా గిన్నెలో వేస్తుంటే పోపో ఎందుకని చేత్తో అడిగారు. మా అత్తగారు పచ్చిమిరపకాయ చూపించి, చింతపండు చూపించి, రోట్లో నూరినట్టు అభినయించి, నాలుక చప్పరించారు. పోపో ఆ గిన్నెలోకి వంగి చూసి, ఏదీ పారెయ్యని మనిషన్నమాట అన్నట్టు గంభీరంగా తల పంకించారు. ఆ అమ్మాయికి కాస్త ప్రాణం లేచొచ్చింది. మేమందరం వింటున్నామని, చిన్నప్పుడు శనివారం చైనీస్ బడిలో నేర్చుకున్న, పుస్తకాల్లో రాసే పేరు గుర్తు తెచ్చుకుని, బీరకాయని చూపించి "సి గ్వా" అంది. పోపో ఠపీమని ఆ పిల్ల ముంజేతి మీద ఒక్కటి వేశారు.

"ఎందుకు కొట్టింది పాపం?" అన్నారు మా అత్తగారు కంగారుగా.

ఆ అమ్మాయి చెయ్యి రుద్దుకుంటూ చెప్పింది, మా మరిది తెలుగులో పెట్టాడు. ఆ మాట వాళ్ళ ఊరి యాసలో ఓడిపోవడం అన్నట్టు వినిపిస్తుందట. ఇంట్లో ఎవరైనా ఓటమిని వండుకుంటారా? అందుకని సింగ్ గ్వా, గెలుపు కాయ అంటారు. కాకరకాయని కూడా చేదు కాయ అనరు, ల్యోంగ్ గ్వా, చలవ కాయ అంటారు. జీవితంలో చేదు ఎందుకు పిలిచి మరీ తెచ్చుకోవడం అని. మా అత్తగారు ఇదంతా శ్రద్ధగా విన్నారు. ఆ పైన బీరకాయని ఇంకొంచెం మర్యాదగా తరగడం మొదలుపెట్టారు.

కూరలు సాగుతున్నాయి. అన్నం కుక్కర్లో పెడదామని అత్తగారు బియ్యం డబ్బా మూత తీశారు. అడుగున గింజలు ఏరుకోవచ్చు. నేను చూసుకోనే లేదు. ఇంటి నిండా చుట్టాలు. ఆవిడ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, బియ్యం నిండుకున్నాయే" అన్నారు. మా ఆయన కారు తాళాలు తీసుకుని పరిగెత్తారు.

ఆ అమ్మాయి మా మరిదిని అడిగింది, ఆంటీ ఏమన్నారని. అతను మాటకి మాట చెప్పేశాడు. బియ్యం ఫుల్‌గా ఉన్నాయన్నారని. ఆ పిల్ల డబ్బాలోకి తొంగి చూసింది. "ఖాళీగా ఉంది కదా?"

"ఖాళీ అనకూడదు. అయిపోయాయి అనకూడదు. ఇంట్లో ఎప్పుడూ బియ్యం అయిపోవు. నిండుకుంటాయి" అన్నాడు మా మరిది. అప్పటిదాకా అది వింత అని అతనికీ తోచినట్టు లేదు. చెప్పాక తనూ నవ్వాడు.

ఆ అమ్మాయి డబ్బా రెండు చేతులతో ఎత్తి పోపో ముందుకు వంచి చూపించి, తన ఐదేళ్ళ కాంటనీస్‌లో ఏదో చెప్పింది. నాకు తెలిసిన మాట ఒక్కటే వినిపించింది, మాయ్. బియ్యం లేవు, కానీ ఆంటీ నిండా ఉన్నాయంటున్నారు. అంతే చెప్పిందట. పోపో డబ్బా అడుగు చూశారు. మా అత్తగారి ముఖం చూశారు. మళ్ళీ డబ్బా చూశారు. ఆ తర్వాత ఆవిడ నవ్వారు చూడండి, అంత చిన్న మనిషిలో అంత నవ్వు ఎక్కడ పట్టిందో! తొడ మీద చరుచుకుంటూ, డబ్బా చూపిస్తూ "గాట్! గాట్!" అన్నారు. వాళ్ళ భాషలో ఖాళీ అనే మాట అపశకునంలా వినిపిస్తుందట. అందుకని ఖాళీ ఇంటిని, ఖాళీ పెట్టెని గాట్ అంటారు. గాట్ అంటే శుభం. ఈ అర్థం మా మరిది నోట తెలుగులో బయటపడగానే మా అత్తగారు పోపో మోచెయ్యి పట్టేసుకున్నారు. "చూశావుటే, వీళ్ళకీ తెలుసు!" అన్నారు నాతో, సొంత ఊరి మనిషి రైల్లో కలిసినట్టు.

ఆ తర్వాత వంటిల్లు మాది కాకుండా పోయింది. ఆవిడ తోటకూరలో వెల్లుల్లి చితక్కొట్టి వేస్తే ఈవిడ ఎండుమిరపకాయ తుంచి వేశారు. ఆవిడ సోయా సాస్ అడిగితే ఈవిడ వాసన చూసి ముక్కు విరిచి, సరే కానిమ్మన్నారు. అంతా గట్టు మీదికి చేరాక, పోపో ఉన్నట్టుండి మా మరిది వైపు గరిటె చూపించి ఆ పాత ప్రశ్నే వేశారు. అతను ఏం తింటాడు? మా అత్తగారు ఎవరి తర్జుమా కోసమూ ఆగలేదు. ఒక్కో గిన్నె మీదా వేలు పెట్టి చెప్పుకుంటూ పోయారు. "బీరకాయ." "సింగ్ గ్వా" అన్నారు పోపో. "తోటకూర." "యిన్ చోయ్." "కాకరకాయ." "ల్యోంగ్ గ్వా." పక్కన ఇంకా వండనివి ఉన్నాయి, వాటినీ వదల్లేదు. వంకాయ, చేమదుంప, అల్లం, వెల్లుల్లి, చివరికి ఉప్పు కూడా. పోపో ముఖంలో బెంగ ఒక్కో కూరకీ కొంచెం కొంచెంగా వదిలింది. సన్యాసి ఇంత తినడు కదా!

మా ఆయన బియ్యం బస్తా తెచ్చారు. అన్నం ఉడికి, మూత తీస్తే ఆవిరి లేచింది. అప్పుడు ఆ అమ్మాయి పోపో చెయ్యి పట్టుకుంది. గిన్నెలన్నీ చూపించి ఏదో అంది. తర్వాత మా మరిదిని చూపించి ఇంకేదో అంది. చిన్న వాక్యం. చివరి మాట నాకు తెలుసు. ఫాన్. ఆ పిల్లే నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "ఇవన్నీ కూరలు పోపో, అతను నాకు అన్నం అని చెప్పాను వదినా. నాకు వచ్చిన మాటలు అవే."

పోపో మనవరాలి ముఖంలోకి చూశారు. తర్వాత కుక్కర్ వైపు గడ్డం ఎగరేసి, కసిరినట్టు ఒక్క మాట అన్నారు. ఆ మాటకి పిల్ల ఏడుస్తూ నవ్వేసింది. ఏమన్నారని అందరం ఒకేసారి అడిగాం. "అయితే చల్లారనివ్వకు అంది!"

మా అత్తగారికి మా మరిది అంతా వివరంగా చెప్పాడు, చెవులు ఎర్రగా చేసుకుని. ఆవిడ విన్నారు. విస్తళ్ళలా కంచాలు వరసగా పేర్చారు. కాసేపటికి ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ "వదినా, నెయ్యి ఎక్కడ?" అంది. అత్తగారు చటుక్కున తిరిగి, "వదిన అని పిలవాల్సింది మా వాడమ్మా. నువ్వు అక్కా అనాలి" అన్నారు. ఆ పిల్లకి ఆ తేడా తెలియదు. మా మరిదికి తెలుసు, నాకు తెలుసు. నెయ్యి గిన్నె నా చేతిలోంచి జారబోయింది. తోడికోడళ్ళు అక్కాచెల్లెళ్ళ వరస. మా ఇంట్లో నిశ్చితార్థం అలా, మైక్రోవేవ్ పక్కన జరిగింది.

పెళ్ళి బాగా జరిగింది, రెండు రకాలుగానూ జరిగింది. కానీ నాకు దానికంటే ఆ తర్వాతి ఫోన్లే ఎక్కువ గుర్తు. అత్తగారు తెనాలి వెళ్ళాక నాకు ఫోన్ చేసి, పోపోకి లైను కలిపిపెట్టమనేవారు. ఫోన్‌లో అనువాదాలు చేసిపెట్టే యాప్‌లు ఇంకా లేని రోజులు. అయినా ఇద్దరూ ఎంచక్కా మాట్లాడుకునేవారు. "సింగ్ గ్వా?" అని ఈవిడ. "మోవ్, మోవ్" అని ఆవిడ, అంటే లేవని, ఇంకా చలి తగ్గలేదని. "బీలకాయ్?" అని ఆవిడ. "ఓ, బోలెడు!" అని ఈవిడ. ఇలా ఇద్దరి పెరళ్ళూ ఒక చుట్టు చుట్టొచ్చి, పకపకా నవ్వుకుని పెట్టేసేవారు. "ఏమంటున్నారండీ పోపో?" అని అడిగితే, "ఆవిడకి మోకాళ్ళు నొప్పులట" అనేవారు మా అత్తగారు. కూరగాయల పేర్ల మధ్యలోంచి మోకాళ్ళ సంగతి ఈవిడకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నిజంగానే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

పోపో తొంభై దాటి, మునిమనవరాలిని ఎత్తుకుని, తోటకూర ముద్ద స్వయంగా తినిపించి మరీ వెళ్ళిపోయారు. ఆ పిల్లకి ఇప్పుడు కాలేజీ వయసు దగ్గరపడుతోంది. నన్ను పెద్దమ్మా అంటుంది. మొన్న ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, గ్యోంగ్ పచ్చడి ఉందా?" అని అడిగింది. గ్యోంగ్ తెలుగు మాట కాదే అంటే నమ్మలేదు. "మరి నానమ్మ కూడా అంటుందిగా!" అని వాదించింది. మా ఇంట్లో ఉంటున్న మా అత్తగారు, నేనేదో అబద్ధం చెబుతున్నట్టు, మనవరాలి వైపే తల ఊపారు. నేను ఇక వాదించలేదు, పచ్చడి వేశాను. మనం నోరు తిరక్క, బజార్లో నవ్వులపాలై, చెమటలు పట్టి కూడబలుక్కున్నదాన్ని తర్వాతి వాళ్ళు పుట్టుకతో వచ్చినట్టు వాడేసుకుంటారు. కాలం చేసే పనుల్లో నాకు కోపం రాని పని ఇదొక్కటే.